కోళ్ళపాకలో కాలిన తీగ: పది దీపముల లెక్క

గడచిన ఆషాఢమాసమున ఒకనాటి ఉదయము మన సంఘ సభ్యులలో నొకరు తగరపువలసలోని కార్యాలయమునకు వచ్చి, జానెడు పొడవు గల తీగముక్క నొకదానిని బల్లమీద నుంచిరి. దాని పైతొడుగు నల్లబడి, నడుమ కరగి, లోని రాగిపోగులు బయటికి కనబడుచుండెను. ఒకచోట రెండు కొనలను మెలివేసి నల్లని టేపు చుట్టిన గుర్తు మాత్రము మిగిలియుండెను. ఆయనకు గోస్తని యొడ్డున చిన్న కోళ్ళపాక కలదు. వేయి కోడిపిల్లలను తెచ్చి వెచ్చదనమునకై రేకు గొడుగుల క్రింద దీపములు వ్రేలాడగట్టిరి. పదిదినములు సుఖముగా గడచినవి. పదునొకండవ రాత్రి జడివానలో దీపములన్నియు నొక్కమారుగా ఆరిపోయినవి. తెల్లవారి చూచునప్పటికి పిల్లలు చలికి మూల కొదిగి యొకదానిపై నొకటి పడి, డెబ్బదికి పైగా ఊపిరాడక చచ్చియుండెను. తీగ క్రిందనున్న గోనెసంచి సగము మాడి, వానచెమ్మకు తనంతట నారిపోయెను. ఆ చెమ్మయే లేకున్న పాక యంతయు బోయెడిది.

"పది దీపాలు పదినాళ్ళెలిగినాయి బాబూ, ఏటీ అవనేదు. నీళ్ళు కాసుకుందామని ఒక్క హీటరెట్టేసరికి ఇలగయిపోనాది" అని ఆయన వాపోయిరి. తీగ అమ్మినవాడు మోసగించినాడని ఆయన తలంపు. తీగ కాగితపు పెట్టెను గూడ తెచ్చియుండిరి. మేము చూచితిమి. చదరపు మిల్లీమీటరు మందము గల మంచి రాగితీగయే. తప్పు తీగది కాదు, లెక్కది. ఆ లెక్క పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలునకు వచ్చిన కూడికలను, భాగహారములను మించినది కాదు. ఐనను మనలో పెక్కురు దానిని ఎలక్ట్రీషియను పని యని విడిచిపెట్టుచున్నారు. ఈ నెల మేము దానినే వ్రాయుచున్నాము.

చెరువుతో మొదలిడుదము, అది మనకు తెలిసినది గదా. నిండుచెరువు గట్టుకు ఒక తూము, మనవారి మాటలో మదుము, ఉన్నదనుకొనుడు. నీటిమట్టము ఎత్తుగానున్నచో ధార బలముగా వచ్చును. తూము ఇరుకైనచో సన్నగా వచ్చును. ఎత్తు, ఇరుకు, ధార యను మూడింటికే విద్యుత్తులో వోల్టేజి, నిరోధము, ప్రవాహము అని పేర్లు. మొదటిదానిని వోల్టులలోను, రెండవదానిని ఓములలోను, మూడవదానిని ఆంపియర్లలోను కొలుతురు. జర్మనీదేశమున కొలోను పట్టణమున ఉపాధ్యాయుడుగానున్న గేయోర్గ్ ఓము 1827లో ప్రకటించిన సూత్రము ఇంతమాత్రమే: వోల్టులను ఓములచే భాగించిన ఆంపియర్లు వచ్చును. తన దేశమున మొదట ఆయన కంతగా ఆదరణ దొరకలేదు. లండను రాయల్ సొసైటీవారు 1841లో కాప్లే పతకమిచ్చి గౌరవించిరి.

ఇప్పుడా చెరువుగట్టుకే రెండవ తూము తెరచితిమనుకొనుడు. మొదటి తూమునుండి వచ్చు ధార తగ్గునా? చెరువుమట్టము తగ్గనంతవరకు తగ్గదు. రెండవ తూము తన ధారను తాను ఇచ్చును. చెరువునుండి పోవు మొత్తము నీరు మాత్రము పెరుగును. ఇంటిలోను, పాకలోను దీపములను కట్టు పద్ధతి సరిగా ఇట్టిదే. ప్రతి దీపమునకు రెండు కొనలు. ఒకటి ఫేజు తీగకు, రెండవది న్యూట్రలు తీగకు. అందుచే ప్రతిదానికిని అదే 230 వోల్టులు అందును. దీనిని సమాంతర సంధానమందురు. ఉత్సవముల పందిళ్ళకు కట్టు సన్నని దీపముల సరము వేరు: అందు ఒకదాని వెనుక నొకటిగా కూర్తురు గనుక ఒకటి మాడిన సరమంతయు ఆరిపోవును, వోల్టులు దీపముల మధ్య పంచబడును. పది 200 వాట్ల దీపములను అట్లు సరముగా గట్టినచో ఒక్కొక్కదానికి 23 వోల్టులే దక్కి, పిల్లలకు వెచ్చదనము మాట యటుండ, వెలుతురైనను సరిగా రాదు.

పాకకు వత్తము. కోడిపిల్లకు మొదటి వారమున సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము కావలెను. తరువాత వారమునకు ఐదేసి ఫారన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించుకొనుచు వత్తురు. పిల్లకు రెండు వాట్ల చొప్పున దీపములు కట్టుట వాడుక. వేయి పిల్లలకు రెండువేల వాట్లు, అనగా 200 వాట్ల దీపములు పది. మన సభ్యుడు చేసినది ఇదియే. ఇందులో తప్పు లేదు.

దీపముపై వ్రాసిన వాట్లను 230చే భాగించిన దాని ప్రవాహము వచ్చును. 200ను 230చే భాగించిన 0.87 ఆంపియరు. 230ని ఆ 0.87చే భాగించిన దాని నిరోధము, సుమారు 264.5 ఓములు. పది దీపములకు 8.7 ఆంపియర్లు. నీళ్ళు కాచు హీటరు 1500 వాట్లది, దానికి 6.52 ఆంపియర్లు, నిరోధము 35.27 ఓములు. రెండును గలిసి 15.22 ఆంపియర్లు. వేయి వాట్లకు ఇంచుమించు నాలుగుంబాతిక ఆంపియర్లని నోటికి పట్టుకొన్నచో, పలక లేకయే ఈ మాత్రము లెక్క వేయవచ్చును.

ఇదే ఫలమును నిరోధములనుండియు రాబట్టవచ్చును. తీగ ప్రశ్న వచ్చినప్పుడు ఆ దారియే కావలయును గనుక దానిని గూడ చూపుచున్నాము. ఒకే నిరోధము గల శాఖలు పది యున్నచో మొత్తము నిరోధము అందు పదవవంతు: 264.5 ఓములు 26.45 ఓములగును. వేర్వేరు నిరోధములున్నచో ప్రతిదానిచేతను ఒకటిని భాగించి, వచ్చిన వానిని కూడి, ఆ మొత్తముచే మరల ఒకటిని భాగింపవలెను. దీపములకు 1ని 26.45చే భాగింపగా 0.0378, హీటరునకు 1ని 35.27చే భాగింపగా 0.0284, రెండును గలిసి 0.0662, దానిచే 1ని భాగింపగా 15.11 ఓములు. శాఖలు రెండే యైనచో ఇంకను సులభము: రెండు నిరోధముల లబ్ధమును వాని మొత్తముచే భాగించిన చాలును. 26.45ను 35.27చే గుణింపగా 932.9, మొత్తము 61.72, భాగింపగా 15.11. 230ని దీనిచే భాగించిన 15.22 ఆంపియర్లు. రెండు దారులును ఒక్కచోటికే చేరినవి. చేరనిచో ఎక్కడనో కూడిక తప్పినదని తెలిసికొనవలెను.

ఇక్కడ చాలమంది తడబడుదురు. హీటరును చేర్చుట యనగా ఇంకొక నిరోధమును చేర్చుట గదా, మొత్తము నిరోధము 26 నుండి 15కు ఎట్లు దిగినది? చెరువుగట్టు మరల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇరుకు తూమునైనను క్రొత్తగా తెరచిన నీటికి దారి పెరుగునే గాని తరుగదు. సమాంతర శాఖల మొత్తము నిరోధము వానిలో మిక్కిలి చిన్నదానికంటెను చిన్నదిగానే వచ్చి తీరవలెను. 15.11 అనునది 26.45 కంటెను, 35.27 కంటెను తక్కువయే. వచ్చిన ఫలము ఎక్కువగానున్నచో మరల లెక్కింపవలసినదే.

కాలువ చీలుచోట వచ్చిన నీరెంతయో పోవు నీరంతయే. నడుమ పుట్టునది గాని నశించునది గాని లేదు. 1845లో కీర్కాఫ్ అను జర్మను యువకుడు, తాను విద్యార్థిగా నుండగనే, విద్యుత్తునకును ఇదే న్యాయమని తేల్చెను. దానినుండి మన కొక ముఖ్యవిషయము తెలియుచున్నది. దీపములయొద్ద నున్న చిన్నతీగలో 0.87 ఆంపియరే పారును, అది కాలదు. మీటరునుండి పాకకు వచ్చు తీగలో అన్ని శాఖల ప్రవాహమును కలిసి 15 ఆంపియర్లు పారును. తిరిగి పోవు న్యూట్రలులోను అంతయే. కొందరు ఫేజుకు మందపు తీగయు, న్యూట్రలునకు ఇంటిలో మిగిలిన సన్నతీగయు వేయుదురు. న్యూట్రలు చచ్చిన తీగ యని వారి నమ్మకము. పారు ప్రవాహమునకు ఆ భేదము లేదు.

ఇక తీగ. ఇంతవరకు తీగకు నిరోధమే లేనట్లు లెక్కించితిమి. ఆయన ఇంటి మీటరునుండి పాకవరకు 50 మీటర్లు. పోయి వచ్చు దారి 100 మీటర్లు. చదరపు మిల్లీమీటరు రాగితీగ 100 మీటర్లకు నిరోధము సుమారు 1.8 ఓములు. ఇది సమాంతరము కాదు. దీపముల గుంపునకు ముందు వరుసలో నిలుచునది. కావున దీనిని కూడికతోనే చేర్చవలెను.

మొదటి పదిదినములు: 26.45నకు 1.8 కలుపగా 28.25 ఓములు. ప్రవాహము 8.14 ఆంపియర్లు. తీగలో పోయిన వోల్టులు పదునాలుగున్నర పైచిలుకు. దీపములకు 215 వోల్టులు దక్కినవి. తీగలో వేడిగా మారినది 119 వాట్లు, నూరు మీటర్లపై పరచుకొన్నది. చేతికి గోరువెచ్చగా తగిలియుండును, ఎవరును పట్టించుకొనరు.

పదునొకండవ రాత్రి: 15.11నకు 1.8 కలుపగా 16.91 ఓములు. ప్రవాహము 13.6 ఆంపియర్లు. తీగలో పోయిన వోల్టులు ఇరువదినాలుగున్నర. తీగలోని వేడి 333 వాట్లు! ప్రవాహము ఒకటికి ఒకటిముప్పాతిక కంటె తక్కువగా పెరుగగా వేడి మూడింతలకు సమీపించినది. తీగలోని వేడి ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక. ఈ మందపు తీగ సాధారణముగా 11 ఆంపియర్ల ప్రాంతమున సురక్షితము. ఆయన మిగులు తీగను చుట్టగా చుట్టి గోనెల నడుమ నుంచిరి. అందు వేడి బయటికి పోజాలదు.

పిల్లల సంగతి గూడ చూడవలెను. దీపములకు 205.5 వోల్టులే అందుటచే వాని వేడి నూటికి ఎనుబది పాళ్ళకు దిగినది. అనగా జడివానలో, చలి హెచ్చిన రాత్రియందే, తీగ తెగక పూర్వమే, పిల్లలకు అయిదవవంతు వెచ్చదనము తరిగినది. నీళ్ళు వెచ్చజేసి పిల్లలకు మేలు చేయబూనినది హీటరు. అది వెలుగుచుండగనే పిల్లల వెచ్చదనమును హరించినది.

కాలినది మాత్రము మెలివేసిన అతుకువద్దనే. టేపుచుట్టిన వట్టి మెలికకు, త్రుప్పు పట్టినచో, అర ఓము నిరోధముండుట అబ్బురము కాదు. దానిని గూడ కలుపుకొని లెక్కించిన మొదటి పదిదినములలో ప్రవాహము 8 ఆంపియర్లు, అతుకులోని వేడి 32 వాట్లు. హీటరు పెట్టిన రాత్రి 13.2 ఆంపియర్లు, వేడి 87 వాట్లు. వ్రేలెడు స్థలమున 87 వాట్లు! టంకము వేయు ఇనుపకడ్డీకి సామాన్యముగా ఇరువదియైదు, ముప్పదియైదు వాట్లు చాలును గదా. గోనెసంచి అంటుకొనుటలో వింత యేమున్నది?

ఫ్యూజు ఏల కాపాడలేదని అడుగవచ్చును. ఆయన మీటరువద్దనున్న పింగాణి ఫ్యూజును మేము స్వయముగా చూచితిమి. తయారీ ఫ్యూజుతీగకు బదులు కరంటుతీగలోని రాగిపోగులు నాలుగైదు మెలివేసి యుంచిరి. మాటిమాటికి పోవుచున్నదని యేడాది క్రిందట అట్లు చేసిరట. ఇది మన యూళ్ళలో ఇంటింట నున్న అలవాటు. ఆయన నొక్కని నిందింపలేము. కాని ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదనగా అది మనకేదో చెప్పుచున్నదన్నమాట; మనము దాని నోరు కట్టివేసితిమి.

యం.సి.బి. యనబడు మీట యున్నచో మేలే. ఐనను దానిపైననే భారము వేయరాదు. 10 ఆంపియర్ల మీట 13.6 ఆంపియర్లకు వెంటనే పడదు. దాని నిర్మాణనియమము ప్రకారము ఒకటికి 1.45 రెట్లు, అనగా పదునాలుగున్నర ఆంపియర్లు, పారినప్పుడు గంటలోపల పడి తీరవలెను, 1.13 రెట్లకు లోపల గంటవరకు పడరాదు. నడుమ నున్న చోటు అనిశ్చితము. మన సభ్యుని ప్రవాహము సరిగా ఆ అనిశ్చితపు చోటనే నిలిచినది. మీట వచ్చినను కూడిక తప్పదు.

ఈ లెక్క అన్నిటికిని చెల్లదు. మోటారు వట్టి నిరోధము కాదు. బయలుదేరునప్పుడు నడకకు కావలసినదానికంటె ఐదారు రెట్లు లాగును. వాట్లను 230చే భాగించిన వచ్చు అంకెకంటె దాని నిజప్రవాహము ఎక్కువ. దానిని గూర్చి వేరుగ వ్రాయవలెను. వేడిదీపముల తంతువు చల్లగా నున్నప్పుడు నిరోధము వెలుగునప్పటిలో పదవవంతు మాత్రముండును. అందుచే స్విచ్చి వేసిన క్షణమున ప్రవాహమెక్కువ. వోల్టులు తగ్గినపుడు దాని నిరోధమును కొంత తగ్గును గనుక పై అంకెలలో కొలదిగా తేడా యుండును. తీగ నిర్ణయమునకు ఆ తేడా అడ్డురాదు.

ఈ సమాంతర శాఖల లెక్కలో మనమెవ్వరము వ్రాసికొనని శాఖ యొకటి కలదు. అది మన దేహము. రేకు గొడుగునకు ఫేజు తీగ తగిలియుండగా తడికాళ్ళతో దానిని ముట్టితిమనుకొనుడు. ఒడలి నిరోధము చేతినుండి పాదమువరకు సుమారు 1000 ఓములు. తడిలో ఇంకను తక్కువ. 230ని 1000చే భాగించిన 0.23 ఆంపియరు. దీపములో నాలుగవవంతు ప్రవాహము, ఏపాటిదని తోచును. కాని గుండె లయ తప్పుటకు అందు సగమును అక్కరలేదు. ప్రాణరక్షణకై చేయు ఇ.యల్.సి.బి., ఆర్.సి.సి.బి. యను మీటలు 0.03 ఆంపియరునకే పడునట్లు అమర్తురు.

గొడుగునకు ఎర్తు తీగ కట్టినచో కరంటు సులభమైన దారినే పోవును, మనిషిని విడిచిపెట్టును అని చాలమంది చెప్పుదురు. ఇది పూర్తిగా నిజము కాదు. రెండవ తూము తెరచిన మొదటి తూము ధార తగ్గదని పైన వ్రాసితిమి గదా. ఇసుకనేలలో, వేసవిలో, నీరు పోయని ఎర్తుగుంతకు 50 ఓముల నిరోధముండవచ్చును. దానిలో 230ని 50చే భాగింపగా 4.6 ఆంపియర్లు పోవును. దేహములో 0.23 అట్లే పోవుచుండును. రెండును గలిసి 4.83. పది ఆంపియర్ల ఫ్యూజు దానికి పోదు, మీట పడదు. గొడుగు ప్రాణాంతకముగనే వ్రేలాడుచుండును. ఎర్తు మేలు చేయునది రెండు విధముల: దాని నిరోధము మిక్కిలి తక్కువయై గొడుగుమీది వోల్టులను క్రిందికి లాగినప్పుడు, లేదా భారీప్రవాహమును పారించి ఫ్యూజును తక్షణము తెంపినప్పుడు. పోయి వచ్చు దారి యంతయు గలిసి 2 ఓములైనచో 115 ఆంపియర్లు పారి మీట కన్ను మూసి తెరచునంతలో పడును. ఆ మాత్రపు ఎర్తు ఇసుకనేలలో సులభముగా కుదరదు. కావున పాకకు, బావి షెడ్డుకు 0.03 ఆంపియరు రక్షణమీట తప్పక యుండవలెనని మా అభిప్రాయము. పది చావులు గట్టెక్కించినను దాని వెల ఒక మేకవెలకు మించదు.

మన సభ్యుడు రెండవ విడత పిల్లలను తెచ్చుటకు పూర్వము తీగ మార్చిరి. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, నడుమ అతుకు లేకుండ. దాని నిరోధము నూరు మీటర్లకు 0.46 ఓము. దీపములు, హీటరు కలిసియే వెలిగినను తీగలో పోవునది ఏడు వోల్టులకు లోపుననే. ఐనను హీటరును పాకలో పెట్టక ఇంటివద్దనే నీరు కాచి బిందెలతో తెచ్చుచున్నారు; అప్పుడు నష్టము నాలుగు వోల్టులే. మీటరువద్ద 10 ఆంపియర్ల మీటయు, దాని ప్రక్కను రక్షణమీటయు పెట్టిరి. రక్షణమీటమీది పరీక్షబొత్తమును నెలకొకమారు నొక్కి చూచుచున్నారు. పాక తలుపుమీద సుద్దతో "దీపాలు 10, మొత్తం 8.7" అని వ్రాసియున్నది. దాని క్రింద ఇటీవల ఆయన కుమారుడు "ఫ్యాను 0.3" అని చేర్చి, గీతగీసి, 9 అని కూడియుంచెను.